అరటిపండు చేసిన పాపమేమిటి?

మూడు వారాల క్రితం మా ఇంట్లో ఒక అరటిపండు మీద గొడవ జరిగింది. గొడవ అంటే మరీ పెద్దదేమీ కాదు లెండి, అరిచినవాళ్ళెవరూ లేరు. అయినా నాకు ఇంకా మనసులోంచి పోవట్లేదు. అందుకే ఈ టపా.

మా అబ్బాయికి పదహారేళ్ళు. మొన్నటిదాకా నా భుజం దాకా ఉండేవాడు, ఇప్పుడు వాడితో మాట్లాడాలంటే నేను తలెత్తాలి. శనివారం పొద్దున్న గంటన్నర బరువులెత్తి, చెమటలు కక్కుకుంటూ ఇంటికొచ్చాడు. మా అమ్మ ఆర్నెల్లుందామని వచ్చింది ఇక్కడికి. మనవడు అలా రావడం చూసి, బల్ల మీదున్న అత్తంలోంచి ఒక అరటిపండు తుంచి, సగం తొక్క తీసి చేతికిచ్చింది. "వద్దు నాన్నమ్మా, అదంతా షుగరే" అన్నాడు వాడు. అని, మూకుడంత మూతున్న ఒక నల్ల డబ్బాలోంచి రెండు చెంచాల పొడి తీసి, సీసాలో నీళ్ళు పోసి, దడదడా ఊపి గడగడా తాగేశాడు.

మా అమ్మ నా వంక చూసింది. నేను ఫోను వంక చూశాను. ఎందుకంటే ఆ మాట వాడికి నేర్పింది నేనే.

అసలు బాధ అది కూడా కాదు. రోజూ రాత్రి పెరుగన్నంలో ఒక అరటిపండు తినడం మా అమ్మకి డెబ్భై ఏళ్ళ అలవాటు. ఆ మర్నాటి నుంచి మానేసింది. నాలుగు రోజులయ్యాక గానీ నేను గమనించలేదు. అడిగితే, "మీరెవరూ తినట్లేదు కదరా, మంచిది కాదేమో అనుకున్నా" అంది. ఆవిడకి షుగర్ లేదు, బీపీ లేదు. రావులపాలెం అవతల లంకలో అరటితోటల మధ్య పుట్టి పెరిగిన మనిషి. అలాంటి మనిషికి నా ఇంట్లో అరటిపండంటే భయం పట్టుకుంది!

సరే, ఈ భయం ఎక్కడ మొదలైందో కూడా చెప్పాలి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి నలభై దాటగానే రెండు జరుగుతాయి. ఒకటి, రక్తపరీక్షలో ఏ1సీ పక్కన ఒక చిన్న గుర్తు పడుతుంది. రెండు, పాట్‌లక్‌లో పులిహోర పక్కన నిలబడి ఎవరో ఒకాయన మనకి కార్బ్స్ గురించి క్లాసు పీకుతాడు. నాకు రెండూ ఒకే నెలలో జరిగాయి. ఆ తర్వాత 2018 ప్రాంతంలో అన్నం, పళ్ళు మానేసి కొబ్బరినూనె తాగే డైట్ ఒకటి మనవాళ్ళని ఊపేసింది (పేరు చెప్పక్కర్లేదు, మీ వంటింట్లో కూడా ఆ నూనె సీసా ఉండే ఉంటుంది). నేనూ చేశాను. బరువు తగ్గాను, అబద్ధం ఎందుకు చెప్పాలి? కొన్నాళ్ళకి ఆపేశాను, బరువు తిరిగొచ్చింది. అన్నం కూడా తిరిగొచ్చింది. బిర్యానీ, మైసూర్‌పాక్, బీరు అన్నీ తిరిగొచ్చాయి. తిరిగి రానివి పళ్ళొక్కటే. తప్పు ఆ డైట్‌ది అనను. మిగతావన్నీ మర్చిపోయి ఈ ఒక్క నియమం మాత్రం పట్టుకుని కూర్చున్న నాది.

కన్సల్టింగ్ ఉద్యోగం వెలగబెట్టేవాళ్ళకి తెలుసు, సోమవారం పొద్దున్న విమానం, గురువారం సాయంత్రం విమానం, మధ్యలో మూడు రాత్రులు హోటల్లో. హోటల్ జిమ్ములో నలభై నిమిషాలు పరిగెత్తి కిందకి వస్తే రిసెప్షన్ దగ్గర గాజుగిన్నెలో ఆకుపచ్చ ఆపిల్స్ ఉంటాయి, ఊరికే, ఎవరైనా తీసుకోవచ్చు. అవి మైనంతో చేసిన బొమ్మలేమో అన్నట్టు వాటిని దాటుకుంటూ వెళ్ళి, పక్కనున్న చిన్న కొట్లో నాలుగు డాలర్లు పెట్టి ప్రోటీన్ బార్ కొనుక్కునేవాణ్ణి. ఏళ్ళ తరబడి ఇదే తంతు. ఒకరోజు విమానం ఆలస్యమై, చేసే పనేం లేక, ఆ బార్ వెనక్కి తిప్పి చదివాను. చక్కెర 18 గ్రాములు. మధ్యరకం అరటిపండులో ఉండేది 14.

ఇదండీ మన లెక్క. అరటిపండులో 14 గ్రాములు చక్కెర అని దండం పెట్టి పక్కన పెడతాం. పిల్లల సాకర్ ఆట అయ్యాక 20 ఔన్సుల గేటరేడ్ కొనిస్తాం, అందులో చక్కెర 34 గ్రాములు. అది ఆటగాళ్ళ పానీయం కాబట్టి ఫరవాలేదు! 1965లో ఫ్లోరిడా యూనివర్సిటీలో రాబర్ట్ కేడ్, ఆయన తోటివాళ్ళు ఎండలో గంటల తరబడి ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ళ కోసం తయారుచేసిన పానీయం అది. వాళ్ళ చెమటకి, వాళ్ళ ఆటకి అది సరిపోయి ఉండొచ్చు. ఏసీ హాల్లో ట్రెడ్‌మిల్ మీద పాతిక నిమిషాలు నడుస్తూ వెబ్ సిరీస్ చూసే నాకెందుకు?

ఇప్పుడు చక్కెర సంగతి కాస్త నిదానంగా చూద్దాం. మన కండల్లో, కాలేయంలో శరీరం గ్లైకోజెన్ అనే పిండిపదార్థాన్ని దాచుకుంటుంది. బరువులెత్తినా, పరిగెత్తినా, కొండెక్కినా ముందు ఖర్చయ్యేది అదే. వ్యాయామం అయ్యాక ఆ గాదె మళ్ళీ నింపుకోవాలి. దేనితో? పొడిలో ఉన్న ప్రోటీన్‌తో కాదు, పిండిపదార్థంతో. అంటే అన్నం, రొట్టె, చిలగడదుంప, పళ్ళు. పండులో ఉన్న గ్లూకోజు ఎక్కువగా కండకి పోతుంది, ఫ్రక్టోజు ఎక్కువగా కాలేయానికి పోతుంది. రెండు గాదెలకీ ఒకే పండు.

ఇంకో తమాషా ఉంది. మామూలుగా రక్తంలోని చక్కెర కండలోకి వెళ్ళాలంటే ఇన్సులిన్ వచ్చి తలుపు తీయాలి. కండ పనిచేస్తున్నప్పుడు మాత్రం ఇన్సులిన్ పిలవకుండానే ఆ తలుపులు తెరుచుకుంటాయి. వ్యాయామం ఆపాక కూడా కొన్ని గంటలపాటు కండ చక్కెర కోసం నోరు తెరుచుకునే ఉంటుంది. అంటే రోజు మొత్తంలో పండు తినడానికి ఇంతకన్నా మంచి సమయం లేదు. మా వాడు సరిగ్గా ఆ సమయంలోనే "షుగర్ నాన్నమ్మా" అని పండుని తోసేశాడు. రాత్రి పదకొండింటికి ఐస్‌క్రీమ్ డబ్బా తెరిచినప్పుడు మాత్రం వాడికి షుగర్ గుర్తుకు రాదు (నాకూ రాదు).

అరటిపండు మీద అమెరికాలో నిజంగానే పరీక్షలు జరిగాయి. నార్త్ కరొలైనాలోని అపలాచియన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ నీమన్, ఆయన బృందం 2012లో ఒక పరిశోధన ప్రచురించారు. బాగా తర్ఫీదైన 14 మంది సైకిల్ వీరులు. ఒకసారి అరటిపండ్లు తింటూ, ఒకసారి చక్కెర పానీయం తాగుతూ, 75 కిలోమీటర్లు తొక్కారు. తొక్కిన వేగంలో తేడా ఏమీ లేదు. అరటిపండ్లు తిన్నప్పుడు కడుపు ఉబ్బరంగా ఉందన్నారట పాపం, పావుగంటకోసారి సగం పండు చొప్పున తింటే ఉండదూ మరి! 2018లో ఇంకోసారి చేశారు, ఈసారి వట్టి నీళ్ళు కూడా కలిపి. వట్టి నీళ్ళతో తొక్కినప్పటికంటే చక్కెర పానీయమో అరటిపండో తీసుకున్నప్పుడు శరీరం మీద ఒత్తిడి తక్కువగా కనపడింది. వాపుని రేపే ఒక జన్యువు జోరు అరటిపండుతో తగ్గింది కూడా. ఈ పరిశోధనలకి డబ్బు పెట్టింది అరటిపండ్లు అమ్మే డోల్ కంపెనీ. ఆ ముక్క దాచి చెప్తే నేనూ పొడి అమ్ముకునేవాడిలాగే అవుతాను. కాబట్టి అరటిపండు అమృతం అని అనను. ఖరీదైన పానీయం చేసే పని అరటిపండు కూడా చేస్తుంది అని మాత్రం అంటాను.

ఆ 14 మంది సంగతి చదువుతుంటే నాకు మా లంక సైకిళ్ళు గుర్తొచ్చాయి. నా చిన్నప్పుడు తెల్లవారుజామునే సైకిలుకి అటూ ఇటూ గెలలు వేలాడదీసుకుని, వెనకనుంచి చూస్తే మనిషి కనపడకుండా, రావులపాలెం మార్కెట్‌కి బారులు తీరి వెళ్ళేవాళ్ళు. తొక్కేవాళ్ళు కొందరైతే, ఏటిగట్టు ఎక్కేటప్పుడు దిగి నెట్టేవాళ్ళు కొందరు. కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, బొంత, అన్నీ ఆ సైకిళ్ళ మీదే. మార్కెట్లో గెలలు దింపాక గట్టు మీద కూర్చుని వాళ్ళు తినేది కూడా అరటిపండ్లే, చద్దన్నంతోనో, మరమరాలతోనో. వాళ్ళ మీద ఎవరూ పరిశోధన చేయలేదు. వాళ్ళ పిక్కలు మాత్రం నాకింకా గుర్తే.

అలాగని పళ్ళ భక్తులు సంబరపడిపోకండి. మీతోనూ నాకు పేచీ ఉంది.

పండు కండ కట్టదు. మధ్యరకం అరటిపండులో ప్రోటీన్ ఒక గ్రాము పైచిలుకు, అంతే. పళ్ళలో కాస్త నయమనుకునే జామకాయ తీసుకున్నా 100 గ్రాములకి రెండున్నర గ్రాములు. కండ పెరగాలంటే ముందు బరువెత్తాలి, తర్వాత ఒంటికి తగినంత ప్రోటీన్ పడాలి. ఎంత? 2018లో 49 పరిశోధనలని కలిపి లెక్కేసిన ఒక వ్యాసం బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చింది. బరువులెత్తేవాళ్ళకి రోజుకి, కిలో బరువుకి సుమారు 1.6 గ్రాములు దాటాక కండ పెరుగుదలలో సగటున అదనపు లాభం కనపడలేదు. డెబ్భై కిలోల మనిషికి 112 గ్రాములు. అదంతా అరటిపండ్లతో రాబట్టాలంటే రోజుకి 86 పండ్లు తినాలి, ఆ తర్వాత వ్యాయామానికి టైముండదు.

వాట్సాప్‌లో ఒక పెద్దాయన ప్రతి నెలా పంపిస్తుంటాడు, "గొరిల్లా ఆకులూ పళ్ళూ తిని అంత కండ పెంచలేదా?" అని. గొరిల్లా రోజులో సగం నములుతూనే ఉంటుందండీ, ఆకుల్ని పులియబెట్టి పిండుకునే పెద్ద పేగు దానికుంది. మనకి లేదు. మనకున్నది మీటింగుల మధ్య పదిహేను నిమిషాలు.

కాబట్టి మా వాడికి ప్రోటీన్ అక్కర్లేదని నేననట్లేదు. ఎదిగే పిల్లవాడు, బరువులెత్తుతున్నాడు, కచ్చితంగా కావాలి. ఆ డబ్బాలోంచే రావాలా అన్నదే నా ప్రశ్న. కప్పు పాలు 8 గ్రాములు, కప్పు పెరుగు దాదాపు అంతే, గట్టి గ్రీకు పెరుగైతే చిన్న కప్పులోనే 17. గుడ్డుకి 6. ఉడికిన కోడిమాంసం 100 గ్రాములు తింటే 30 చిల్లర. వంద గ్రాముల పెసరపప్పు నానబెట్టి అట్లు పోస్తే 24. ముద్దపప్పుకి బదులు పప్పుచారు తేటతో సరిపెట్టుకుని, "మన శాకాహారంలో ప్రోటీనే లేదండీ" అని నిట్టూర్చి డబ్బా ఆర్డరు చేసేవాళ్ళని నేను పదిమందిని చూపించగలను. అందులో మొదటి పేరు నాదే.

డబ్బా గురించి కూడా రెండు ముక్కలు. ఈ దేశంలో 1994లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం ఇలాంటి సప్లిమెంట్లు అమ్మేవాళ్ళు అమ్మకానికి ముందు ఎఫ్‌డీఏ అనుమతి తీసుకోనక్కర్లేదు. మందు బిళ్ళకి జరిగే వడపోత దీనికి జరగదు. 2025 అక్టోబరులో కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్ళు 23 రకాల ప్రోటీన్ పొడులు, షేకులు పరీక్షించి ఫలితాలు బయటపెట్టారు. మూడింట రెండు వంతులకి పైగా వాటిలో, ఒక్కసారి వాడే మోతాదులోనే, రోజంతటికీ ఇంతకి మించకూడదని వాళ్ళు పెట్టుకున్న హద్దు కంటే ఎక్కువ సీసం ఉంది. గాజుసీసా కాదండీ, లోహం సీసం. మొక్కల నుంచి తీసిన పొడుల్లో మరీ ఎక్కువ. మన శాకాహారులు "వే వద్దు, వీగన్ మంచిది" అని ఏరికోరి కొనేవి అవే. ఒకసారి తాగితే ఏదో అయిపోతుందని కాదు. వాడు రోజూ రెండుసార్లు తాగుతున్నాడు. వాడికి పదహారేళ్ళు.

ఇక మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండల కోసం ప్రోటీన్ పొడుల జోలికి పోవద్దనే చెప్పింది. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఆ గేటు ముందు నుంచి వందసార్లు బస్సులో వెళ్ళాను. లోపల ఏం చేస్తారో ఒక్కసారైనా అనుకోలేదు.

"వ్యాయామం అయిన అరగంటలోపు తాగకపోతే అంతా వృథా అంకుల్" అని మా వాడి స్నేహితుడు నాకు జ్ఞానోదయం చేశాడు. ఈ అరగంట సంగతి 2013లో ఆలన్ ఆరగాన్, బ్రాడ్ షోన్‌ఫెల్డ్ కలిసి తిరగేసి చూశారు. అంత ఇరుకైన కిటికీ ఉందనడానికి గట్టి ఆధారాలు కనపడలేదు. ముందు భోజనం చేసి వెళ్ళినవాడికైతే తొందర అసలే లేదు. గ్లైకోజెన్ విషయంలో మాత్రం తొందరకి కొంత అర్థముంది. 1988లో టెక్సస్ యూనివర్సిటీలో జాన్ ఐవీ బృందం చూసిందేమిటంటే, వ్యాయామం అయిన వెంటనే కాక రెండు గంటలు ఆగి పిండిపదార్థం తీసుకుంటే గాదె నిండే వేగం బాగా తగ్గింది. అదే రోజు మళ్ళీ ఆడేవాళ్ళకి, పరిగెత్తేవాళ్ళకి అది ముఖ్యం. రేపు సాయంత్రం దాకా జిమ్ మొహం చూడనివాడికి మామూలు భోజనం చాలు. అంటే తొందరగా ఏదైనా పడాల్సింది ఉంటే అది పండే, పొడి కాదు. మనం సరిగ్గా తలకిందులుగా పట్టుకున్నాం.

"పళ్ళలో ఉన్న విటమిన్లు బిళ్ళల్లో వస్తున్నాయి కదా" అనేవాళ్ళకి 2009 నాటి సంగతి ఒకటి. జర్మనీలో రిస్టౌ అనే ఆయన బృందం యువకులతో నాలుగు వారాలు వ్యాయామం చేయించింది. కొందరికి రోజుకి 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, దానితో విటమిన్ ఇ బిళ్ళలు ఇచ్చారు. బిళ్ళలు మింగనివాళ్ళకి ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలైంది. మింగినవాళ్ళకి ఆ లాభం దక్కలేదు. వ్యాయామం పెట్టే ఆ కాస్త ఒత్తిడే శరీరానికి పాఠం, బిళ్ళ ఆ పాఠాన్ని చెరిపేసింది. నారింజపండు తిని ఎవరూ వెయ్యి మిల్లీగ్రాములు చేరుకోరు, పదిహేను పళ్ళు కావాలి దానికి.

షుగర్ భయం మాత్రం తీసిపారేసేది కాదు. మన ఇళ్ళల్లో అది చుట్టపుచూపుగా వచ్చి ఉండిపోయే జబ్బు. మా నాన్నకి ఉండేది. అందుకే 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరిశోధన నేను రెండుసార్లు చదివాను. అమెరికాలో సుమారు 1,87,000 మంది నర్సులనీ, ఇతర వైద్యరంగం వాళ్ళనీ ఏళ్ళ తరబడి గమనించారు. బ్లూబెర్రీలు, ద్రాక్ష, ఆపిల్ లాంటి పళ్ళని పళ్ళుగా తిన్నవాళ్ళలో టైప్ 2 మధుమేహం తక్కువ, రసం తీసి తాగినవాళ్ళలో ఎక్కువ. వాళ్ళలో మనలాంటివాళ్ళు బహు తక్కువ, పైగా ఇలాంటి గమనింపులతో కారణం తేలదు, అదీ నిజమే. ఇప్పటికే మందులు వాడేవాళ్ళు ఏ పండు ఎంత అన్నది తమ డాక్టరునే అడగాలి, నన్ను కాదు. కానీ పండు మానేసి నారింజ జ్యూసు డబ్బా తెచ్చుకునేవాళ్ళని (మా ఫ్రిజ్‌లో రెండున్నాయి) ఏమనాలో నాకు తెలీదు. జార్జి బుష్ 2006లో మన దేశం వచ్చి మామిడిపళ్ళ కోసం ఎదురుచూస్తున్నామన్నాడు. అంత తంటాలు పడి, రేడియేషన్ పట్టించి, 2007లో మన మామిడిపళ్ళు ఈ దేశంలో దిగాయి. దిగాక మనం "అమ్మో షుగర్" అని పక్కకి జరిగాం!

ఖరీదు కూడా చెప్పి ఊరుకుంటా. ట్రేడర్ జోస్‌లో అరటిపండు ఇరవై ఏళ్ళకి పైగా 19 సెంట్లే ఉండి, 2024లో 23 సెంట్లయింది. అది వార్తల్లోకెక్కింది. మా వాడి డబ్బా ధర అంతకంటే ఎక్కువసార్లు పెరిగింది, ఏ వార్తాపత్రికా రాయలేదు.

పోయిన ఆదివారం రాత్రి నేను పెరుగన్నంలో అరటిపండు పెట్టుకుని మా అమ్మ పక్కన కూర్చున్నాను. పెరుగు గట్టిది, రెండు గరిటెలు. ఆవిడ నా కంచం వంక చూసి ఏమీ అనకుండా లేచి వెళ్ళి, అత్తంలోంచి తనకీ ఒకటి తుంచుకొచ్చింది. "ఇక్కడి పళ్ళు ఒట్టి చప్పనరా" అంది తింటూ. మా వాడు ఎదురుగా కూర్చుని 112 గ్రాముల లెక్క నాతో గంటసేపు వాదించాడు. పాలల్లో అరటిపండు వేసి, గుప్పెడు వేరుశనగలు కలిపి మిక్సీ పడితే తాగుతానన్నాడు, తొక్క తీసి ఇస్తే మాత్రం చిన్నపిల్లాడిలా ఉంటుందిట. సరే అన్నాను.

డబ్బా ఇంకా అలమారాలోనే ఉంది, సగానికి పైగా. 64 డాలర్లు పోసి కొన్నది. పారేయమని మా ఆవిడంటోంది, చేతులు రావట్లేదు.